భార్యాభర్తల్లో ఎవరు ఎప్పుడు రిటైరవ్వాలి: విశాఖ ఉద్యోగుల ఇళ్లకు ఒక లెక్క

విశాఖలో ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో రిటైర్‌మెంట్ వయసులు చాలాసార్లు కలవవు. స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే, నేవల్ డాక్‌యార్డు సివిలియన్లు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ వాళ్లకు 60. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, టీచర్లకు 2022 జనవరి నుంచి 62. పరవాడ ఫార్మా సిటీలోనో, అచ్యుతాపురం సెజ్‌లోనో పనిచేసేవాళ్లకు కంపెనీ నిబంధనలను బట్టి 58 లేదా 60. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు నడిచే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ మాత్రం కంపెనీ ఏదైనా 58కే మొదలు. దీనికి దంపతుల వయసు తేడా కూడా కలిస్తే, ఆయన ఇంటికొచ్చేశాక ఆమెకు ఇంకా అయిదారేళ్ల సర్వీసు మిగిలి ఉండటం మామూలే. అప్పుడు వస్తుంది అసలు చర్చ. ఆయన వీఆర్ఎస్ (వాలంటరీ రిటైర్‌మెంట్) తీసుకుని ముందే వచ్చేయాలా? గడువుదాకా ఉండాలా? ఆయన వచ్చేశాక ఆమె కూడా వచ్చేయాలా? లేక ఆమె ఉన్నంతకాలం ఆయన ఇంకోచోట ఏదో ఒకటి చేయాలా?

చాలామంది ఈ చర్చను “నెలకు చేతికెంత వస్తుంది” దగ్గరే మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. మా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, మీకు దగ్గర్లో ఏ అర్హత తేదీ ఉంది, అది దాటకముందే బయటికొస్తే పోయేదేమిటి. రెండోది, ఇద్దరిలో ఎవరి మెడికల్ కార్డు జీవితాంతం ఉంటుంది. ఈ రెండూ తేలితే నెలవారీ అంకె దానంతటదే ఒక దారికొస్తుంది.

ముందు కాగితం మీద పేరు చూసుకోండి

ఉద్యోగం మానేయడం వేరు, వాలంటరీ రిటైర్‌మెంట్ వేరు. పాత పెన్షన్‌లో ఉన్న ప్రభుత్వోద్యోగి “రాజీనామా” అని రాసిస్తే, మామూలు పరిస్థితుల్లో అప్పటిదాకా చేసిన సర్వీసు అంతా పెన్షన్ లెక్కలోంచి పోతుంది. అదే మనిషి 20 ఏళ్ల సర్వీసు నిండాక మూడు నెలల నోటీసుతో వాలంటరీ రిటైర్‌మెంట్ అడిగితే పెన్షన్ వస్తుంది. అమెరికాలో కూతురి పురుడు ఉందని హడావుడిగా తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసిచ్చే ముందు, ఏ రూలు కింద వెళ్తున్నారో ఆ నంబరు దరఖాస్తులో ఉండాలి.

20 ఏళ్లకు ఇంకా ఏడెనిమిది నెలలు తక్కువ ఉన్నవాళ్లకు మా సలహా ఒకటే. ఆ నెలలు ఎలాగోలా గడపండి. సెలవు పెట్టండి, మెడికల్ లీవ్ వాడండి, కానీ గీత దాటి రండి. జీతం లేని సెలవు మాత్రం అన్ని సందర్భాల్లోనూ అర్హత సర్వీసుగా లెక్కకు రాదు. ఆ సంగతి ముందే తేల్చుకోవాలి.

గీత దాటాక కేంద్రానికీ రాష్ట్రానికీ ఒక పెద్ద తేడా ఉంది. 2004కు ముందు చేరిన కేంద్ర ఉద్యోగికి పదేళ్లు నిండితే చాలు, పెన్షన్ చివరి బేసిక్‌లో సగం, లేదా చివరి పది నెలల సగటులో సగం, ఏది ఎక్కువైతే అది. సర్వీసు 25 ఏళ్లయినా 35 ఏళ్లయినా శాతం మారదు. కాబట్టి రైల్వేలోనో పోస్టాఫీసులోనో పనిచేసే పాత పెన్షన్ ఉద్యోగి రెండేళ్లు ముందు వస్తే పోయేది ఆ రెండేళ్ల జీతమూ, రెండు ఇంక్రిమెంట్లూ మాత్రమే. రాష్ట్రంలో పాత పెన్షన్ ఉన్నవాళ్లకు, అంటే 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాళ్లకు, పూర్తి పెన్షన్‌కు కొలత 33 ఏళ్లు. తక్కువైతే ఆ నిష్పత్తిలో కోత పడుతుంది. బేసిక్ 84,000 అనుకుంటే 33 ఏళ్లకు పెన్షన్ 42,000. వెయిటేజీ (పెన్షన్ లెక్క కోసం అదనంగా కలిపే ఏళ్లు) ఏమీ కలపకుండా 28 ఏళ్లకు 35,636. ఆ తేడా మీద వచ్చే డీఆర్ (పెన్షనర్ల కరవు భత్యం) కూడా జీవితాంతం తగ్గుతుంది. మీ విషయంలో వెయిటేజీ ఎన్నేళ్లు కలుస్తుందో డీడీవో (మీ జీతం బిల్లు పెట్టే అధికారి) చేత కాగితం మీద రాయించుకోండి. స్టాఫ్‌రూమ్‌లో విన్న మాట మీద వెళ్లొద్దు.

సీపీఎస్ (ఆ తేదీ నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగుల కాంట్రిబ్యూటరీ పెన్షన్) వాళ్ల లెక్క ఇంకొకటి. గడువుకు రిటైరైతే పోగైన నిధిలో 60 శాతం దాకా చేతికి తీసుకుని, కనీసం 40 శాతంతో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పథకం) కొనాలి. మధ్యలో రాజీనామా చేసి బయటపడితే నిష్పత్తి తిరగబడుతుంది: 80 శాతం యాన్యుటీకి, 20 మాత్రమే చేతికి. ఇల్లు కడదామనో అప్పు తీరుద్దామనో ఆ డబ్బు మీద ఆశ పెట్టుకుంటే ఇక్కడే దెబ్బ తగులుతుంది.

2025 ఏప్రిల్ నుంచి వచ్చిన యూపీఎస్‌కు (యూనిఫైడ్ పెన్షన్ స్కీము) మారిన కేంద్ర ఉద్యోగులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 25 ఏళ్లకు చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం గ్యారంటీ అన్న మాట నిజమే. కానీ ముందుగా వాలంటరీగా వచ్చేస్తే ఆ పెన్షన్ మీరు దిగిన మర్నాటి నుంచి మొదలవదు. మామూలుగా ఎప్పుడు రిటైరయ్యేవారో ఆ తేదీ నుంచే మొదలవుతుంది. 55కి వస్తే మధ్యలో అయిదేళ్లు ఖాళీ. ఇంట్లో రెండో జీతం ఉంటే తప్ప ఈ స్కీములో వీఆర్ఎస్‌ను మేం సిఫారసు చేయం.

ఈపీఎస్ గురించి తక్కువే చెప్పుకోవచ్చు, ఎందుకంటే వచ్చేది తక్కువే. 58కి ముందు, 50 దాటాక తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. 58 తర్వాత 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెంపు. గరిష్ఠ జీత పరిమితి 15,000 అయినా, 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసును 6,500 మీదే లెక్కిస్తారు. అందువల్ల 30 ఏళ్లు చేసినవాళ్లకు కూడా, హయ్యర్ పెన్షన్ (పరిమితి మీద కాక అసలు జీతం మీద లెక్కించేది) మంజూరైతే తప్ప, నాలుగైదు వేలు దాటడం కష్టం. ఆ కోతకో పెంపుకో భయపడి రిటైర్‌మెంట్ తేదీ మార్చుకోనక్కర్లేదు.

ఒక్క నెల అటూ ఇటూ

సంవత్సరం ఏదో తేలాక నెల ఎంచుకోవడంలో కూడా డబ్బుంది. కేంద్ర ఉద్యోగులకు ఇంక్రిమెంటు జనవరి 1నో జులై 1నో పడుతుంది. జూన్ 30న గానీ డిసెంబరు 31న గానీ దిగిపోయేవాళ్లకు మర్నాటి ఇంక్రిమెంటును పెన్షన్ లెక్క వరకు నోషనల్‌గా కలుపుతున్నారు. 2023లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చిన వెసులుబాటు ఇది. గ్రాట్యుటీకి, సెలవుల డబ్బుకు మాత్రం ఇది వర్తించదు. వీఆర్ఎస్‌లో తేదీ మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి జూన్ 30కి బదులు జులై 31 పెట్టుకుంటే అసలు ఇంక్రిమెంటే చేతికొస్తుంది. జులై నుంచి పెరిగే డీఏ కూడా గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ లెక్కల్లోకి వస్తుంది. డీఏ ప్రకటన దసరాకో దీపావళికో వచ్చినా అమలు జులై 1 నుంచే కదా.

సెలవుల సంగతి. ఎన్‌క్యాష్‌మెంట్‌కు ఈఎల్స్ (ఎర్న్‌డ్ లీవులు) పరిమితి 300 రోజులు. అంతకు మించి కూడబెట్టినవి డబ్బుగా మారవు. “ఇక ఓపిక లేదు, ఆరు నెలలు ముందే వచ్చేస్తాను” అనే మనిషి ఖాతాలో అదనపు సెలవులూ, వాడని హాఫ్ పే లీవులూ ఉంటే, వీఆర్ఎస్ దరఖాస్తు కన్నా సెలవు దరఖాస్తు మేలు. సర్వీసు కొనసాగుతుంది, చేతికి జీతమో సగం జీతమో వస్తుంది, మెడికల్ పోదు. అలసట వల్ల ముందు వద్దామనుకునేవాళ్లు చాలామంది నాలుగు నెలలు సెలవు పెట్టి చూస్తే మళ్లీ ఆఫీసుకు వెళ్లడానికే మొగ్గు చూపుతారని మా అంచనా.

పే కమిషన్ కోసం ఆగాలా అన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి కేంద్ర ఉద్యోగి ఇంట్లోనూ వినిపిస్తోంది. 2016లో ఏడో కమిషన్ అప్పుడు పాత పెన్షనర్ల పెన్షన్‌ను కూడా 2.57తో గుణించి పెంచారు. అలాంటి సవరణే మళ్లీ వస్తే నెలవారీ పెన్షన్‌లో పెద్దగా నష్టపోరు. తేడా వచ్చేది గ్రాట్యుటీ, సెలవులు, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే అమ్ముకోవడం) లాంటి ఒకేసారి వచ్చే డబ్బులో. ఆరోగ్యం బాగుండి, పని భారం కాకపోతే ఆగండి. లేదంటే దీనికోసమే ఆగడం అనవసరం.

వీఆర్ఎస్ ప్యాకేజీ: పెద్ద అంకె కింద ఏముంది

ప్రభుత్వ రంగ సంస్థల్లో ఎక్కువగా కనిపించేది గుజరాత్ పద్ధతి. పూర్తయిన ప్రతి ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం. మొత్తం మాత్రం మిగిలిన సర్వీసుకు వచ్చే జీతాన్ని దాటకూడదు. ఇక్కడ జీతమంటే బేసిక్ ప్లస్ డీఏ. ఇతర అలవెన్సులు రావు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. బేసిక్, డీఏ కలిపి నెలకు 1,20,000, అంటే రోజుకు 4,000. 32 ఏళ్లు పూర్తయ్యాయి, మూడేళ్లు మిగిలాయి. 35 × 32 × 4,000 అంటే 44,80,000. 25 × 3 × 4,000 అంటే 3,00,000. మొత్తం 47,80,000. కానీ మిగిలిన 36 నెలల జీతం 43,20,000 మాత్రమే, కాబట్టి అక్కడే ఆగుతుంది. పైపైన చూస్తే పని చేయకుండానే మూడేళ్ల జీతం వచ్చినట్టుంది. ఇందులోంచి తీసేయాల్సినవి ఉన్నాయి.

మొదటిది పన్ను. వీఆర్ఎస్ పరిహారంలో మినహాయింపు 5 లక్షలకే. మిగిలిన 38,20,000 ఒకే ఏడాది ఆదాయం. 2025-26 కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది వేరే ఆదాయం ఏమీ లేకపోయినా సుమారు 7.3 లక్షలు పన్ను పడుతుంది. అదే బేసిక్, డీఏ మూడేళ్లలో జీతంగా వస్తే వాటి మీద మూడేళ్ల పన్ను కలిపినా 2.7 లక్షల లోపే. ఇక ఫిబ్రవరిలోనో మార్చిలోనో బయటికొస్తే ఆ ఏడాది పదకొండు నెలల జీతం మీద ఇది కూడా చేరి, ఇందులో పెద్ద భాగం 30 శాతం స్లాబులోకి పోతుంది. అవకాశం ఉంటే ఏప్రిల్‌లో రిలీవయ్యేలా తేదీ అడగండి.

రెండోది యాజమాన్యం కట్టే పీఎఫ్. 12 శాతం చొప్పున 36 నెలలకు 5,18,400. దాని మీద వడ్డీ అదనం. మూడోది అలవెన్సులు, క్వార్టరు, టౌన్‌షిప్ సౌకర్యాలు. గ్రాట్యుటీ మాత్రం ఈ జీతానికి ఇప్పటికే 20 లక్షల పరిమితి దాటేసింది, కాబట్టి అందులో నష్టం లేదు.

అన్నీ కూడి తీసేస్తే, మూడేళ్లు మాత్రమే మిగిలినవాళ్లకు ప్యాకేజీ డబ్బుపరంగా పెద్ద లాభం కాదు. మూడేళ్ల జీతంలో కొంత వదులుకుని మూడేళ్ల ఖాళీ సమయం కొనుక్కోవడమే అది. షిఫ్టులు మోయలేకపోతున్నా, జీతాలు ఆలస్యమయ్యే సంస్థలో ఉన్నా ఆ బేరం సరైనదే కావచ్చు. ఎనిమిది, పదేళ్లు మిగిలినవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లకు పరిహారం మిగిలిన జీతంలో సగానికన్నా తక్కువలోనే ఆగిపోతుంది. బయట ఇంకో ఉద్యోగం చేతిలో ఉంటే తప్ప తొందరపడకూడదు.

55 దాటి వీఆర్ఎస్‌తో వచ్చినవాళ్లు 60 దాకా ఆగకుండానే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో చేరవచ్చు. షరతు ఏమిటంటే రిటైర్‌మెంట్ డబ్బు అందిన మూడు నెలల్లోపు జమ చేయాలి. తప్పు జరిగేది ఎక్కడంటే, పీఎఫ్ ఒకసారి, గ్రాట్యుటీ ఒకసారి, ప్యాకేజీ రెండు విడతలుగా వస్తాయి. “అన్నీ వచ్చాక ఒకేసారి వేద్దాం” అని బ్యాంకులో ఉంచితే మొదటి విడత గడువు దాటిపోతుంది. డబ్బు ఎప్పుడు అందిందో చూపే కాగితం, యాజమాన్యం ఇచ్చే సర్టిఫికెట్ వెంట పెట్టుకుని వెళ్లండి.

మెడికల్ కార్డు: ఇంటిని నిలబెట్టేది ఇదే

ఈ విషయంలో మేం మొహమాటం లేకుండా చెబుతాం. ఇద్దరిలో ఒకరికైనా జీవితాంతం నడిచే మెడికల్ ఉంటే, రెండోవాళ్లు తమకు నచ్చిన తేదీన దిగవచ్చు. ఇద్దరికీ లేకపోతే, సొంత పాలసీ పక్వానికి వచ్చేదాకా ఎవరో ఒకరు ఉద్యోగంలో ఉండి తీరాలి.

కేంద్ర పెన్షనర్లకు సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) ఉంది, విశాఖలో వెల్‌నెస్ సెంటర్ ఉంది. పే లెవెల్‌ను బట్టి నెల చందా 250 నుంచి 1,000 దాకా. పదేళ్ల చందా, అంటే 30,000 నుంచి 1,20,000 దాకా, ఒకేసారి కడితే జీవితాంతం చెల్లుతుంది. భార్యకు గానీ భర్తకు గానీ సొంత ఆదాయం ఉన్నా కార్డులో పేరు చేరుతుంది. మిగతా కుటుంబ సభ్యులకుండే ఆదాయ పరిమితి జీవిత భాగస్వామికి లేదు. రైల్వే వాళ్లకు రిటైరైనవాళ్ల ఆరోగ్య పథకమూ, దొండపర్తి రైల్వే ఆసుపత్రీ ఉన్నాయి. దానికి కనీసం 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. రాష్ట్ర ఉద్యోగులకు, పెన్షనర్లకు ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు. పోర్టుకు సాలగ్రామపురంలో సొంత ఆసుపత్రి, స్టీల్ ప్లాంటుకు ఉక్కునగరంలో జనరల్ ఆసుపత్రి ఉన్నాయి.

ప్రభుత్వ రంగ సంస్థలో వీఆర్ఎస్ సర్క్యులర్ వస్తే మీరు మొదట చదవాల్సింది డబ్బు పేరా కాదు, మెడికల్ పేరా. గడువుకు రిటైరైనవాళ్లతో సమానంగా ఇస్తారా, చందా ఎంత, భార్యకో భర్తకో కూడా వర్తిస్తుందా, ఉద్యోగి మరణించాక కొనసాగుతుందా. ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు లేకపోతే సంతకం వద్దు.

ప్రైవేటు ఉద్యోగుల గ్రూప్ పాలసీ చివరి పనిదినంతో ముగుస్తుంది. షుగరు, బీపీ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు సొంత పాలసీలో వెయిటింగ్ (క్లెయిము చెల్లకుండా ఆగాల్సిన కాలం) గరిష్ఠంగా మూడేళ్లు. అందుకే 58కి రిటైరయ్యే ఆలోచన ఉంటే పాలసీ 55లో కొనాలి, ఆఫీసు పాలసీ ఉండగానే. రెండు ప్రీమియంలు ఎందుకని ఇంట్లో గొణుగుతారు. ఆ మూడేళ్ల ప్రీమియంతో కొంటున్నది ఆ వెయిటింగునే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు కాబట్టి భారం కొంత తగ్గింది. ఉన్న జబ్బు ఏదీ దాచకండి. ఆసుపత్రి బిల్లు దగ్గర క్లెయిము తిరగ్గొట్టడానికి అదే కారణమవుతుంది. ఆలస్యమైపోయినవాళ్లు గ్రూప్ పాలసీ ఇచ్చిన అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారడానికి రిటైర్‌మెంట్‌కు కనీసం రెండు నెలల ముందు దరఖాస్తు పెట్టాలి. అలా మారితే గడిచిన వెయిటింగ్ కలిసొస్తుంది.

70 దాటాక ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. 60కి, 70కి మధ్య పదేళ్లే అసలు గండం.

ఇద్దరిలో ఎవరు ముందు

మామూలుగా ఇంట్లో మొదట వినిపించే ప్రతిపాదన ఇది: “ఆయన రిటైరయ్యారు, ఇక నువ్వు కూడా మానేయి.” రాష్ట్ర ఉద్యోగంలో ఉన్న భార్య విషయంలో ఇది చాలాసార్లు తప్పుడు లెక్క. భర్త స్టీల్ ప్లాంటు లాంటిచోట ఈపీఎఫ్ వ్యక్తి అయితే ఆయనకు వచ్చే నెలవారీ పెన్షన్ చిన్నది. డీఆర్‌తో పాటు పెరిగే పెన్షన్ ఆమెదే. పెరిగే ఆదాయం ఉన్న మనిషి గడువుదాకా ఉండి, మొత్తం డబ్బు ఒకేసారి చేతికొచ్చే మనిషి ముందు దిగడం ఇంటికి లాభం. ఇంకో లాభం, ఆమె జీతంతో ఇల్లు నడుస్తుంటే ఆయన పీఎఫ్ డబ్బును కదపనక్కర్లేదు. రిటైరైన మొదటి రెండేళ్లలోనే బంధువుల అవసరాలకూ, ఫ్లాట్ అడ్వాన్సులకూ ఆ డబ్బు కరిగిపోతుంటుంది.

ఆయన ముందు దిగితే ఇంటి పనుల పంపకం కూడా మారాలి. పొద్దున ఏడున్నరకు బాక్సు కట్టుకుని బడికి పరిగెత్తేది ఆమె, పేపరు చదువుతూ రెండో కాఫీ అడిగేది ఆయన అయితే, ఏడాది తిరక్కుండా ఆమె వీఆర్ఎస్ దరఖాస్తు పెడుతుంది. కారణం గడిలో “అనారోగ్యం” అని ఉంటుంది. ఇంటి పని పంచుకోకపోవడం వల్ల వదులుకునే పెన్షన్ ఎంతో పైన లెక్క చూశారు.

ఇద్దరూ కలిసే దిగడం ఎప్పుడు సరైనది? అప్పులు లేకపోవడం, పిల్లల చదువులు ముగియడం, కనీసం ఒక మెడికల్ కార్డు, రెండేళ్ల ఇంటి ఖర్చు విడిగా ఉండటం, ఈ నాలుగూ కుదిరితే. పెద్దవాళ్లను చూసుకోవాల్సిన ఇళ్లలో నాలుగూ కుదరకపోయినా ఒకరు దిగక తప్పదు. అప్పుడు పైన చెప్పినట్టు గీతలు దాటినవాళ్లెవరో చూసి వాళ్లు దిగాలి, జీతం తక్కువ ఉన్నవాళ్లు కాదు.

ఒకరు పోయాక మిగిలినవాళ్లకు ఏమొస్తుందో కూడా ఇప్పుడే వేసుకోవాలి. కేంద్ర పాత పెన్షన్‌లో కుటుంబ పెన్షన్ చివరి బేసిక్‌లో 30 శాతం. రిటైరయ్యాక మరణిస్తే మొదటి ఏడేళ్లు, లేదా ఆ ఉద్యోగికి 67 నిండేదాకా, ఏది ముందైతే అంతవరకు 50 శాతం ఇస్తారు. మిగిలినవాళ్లు తమ సొంత పెన్షన్‌తో పాటు ఇదీ తీసుకోవచ్చు. ఈపీఎస్‌లో సభ్యుడి పెన్షన్‌లో సగం. ఈపీఎస్ ఇంట్లో భార్యకు సొంత పెన్షన్ లేకపోతే, పీఎఫ్ డబ్బులో పెద్ద భాగం ఆమె పేరు కూడా ఉన్న ఖాతాల్లో ఉండాల్సిందే.

2025లో ఉన్న వడ్డీ 8.2 శాతం చొప్పున సీనియర్ సిటిజన్ స్కీములో గరిష్ఠం 30 లక్షలు వేస్తే మూడు నెలలకు 61,500. ఇద్దరూ అర్హులై చెరో 30 లక్షలు వేయగలిగితే నెలకు 41,000తో సమానం. పోస్టాఫీసు నెలవారీ పథకంలో జాయింటుగా 15 లక్షలకు 7.4 శాతం చొప్పున నెలకు 9,250. ఈ రెండూ పెరగని ఆదాయాలు. పెరిగే ఖర్చుకు పెరిగే పెన్షన్ కావాలన్నది అందుకే.

కమ్యుటేషన్‌లో 60కి రిటైరయ్యే కేంద్ర ఉద్యోగి 50,000 పెన్షన్‌లో 40 శాతం అమ్మితే 20,000 × 12 × 8.194, అంటే 19,66,560 వస్తుంది. నెలకు 20,000 చొప్పున 15 ఏళ్లలో 36 లక్షలు పోతుంది. అంటే దాదాపు 9 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నట్టు. కాకపోతే మధ్యలో మనిషి పోతే బాకీ ఉండదు, కుటుంబ పెన్షన్‌లో కోత పడదు, డీఆర్ పూర్తి పెన్షన్ మీదే వస్తుంది. ఇంటి లోను అంతకన్నా ఎక్కువ వడ్డీకి ఉన్నా, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా తీసుకోండి. ఊరికే ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేయడానికైతే వద్దు.

క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లు మర్చిపోయేది ఇంకొకటి. దిగిన కొద్ది నెలల్లో ఖాళీ చేయాలి. నో డ్యూస్ వచ్చేదాకా గ్రాట్యుటీలో కొంత ఆపే సంస్థలున్నాయి. ఉక్కునగరం అలవాటు కొద్దీ కూర్మన్నపాలెంలోనో గాజువాకలోనో ఇల్లు తీసుకుంటే, భీమిలి వైపు బడిలో పనిచేసే భార్య రోజూ వెళ్లే దూరం ఒకవైపే దాదాపు 40 కిలోమీటర్లు. ఇంకా ఉద్యోగం చేస్తున్న మనిషి దారిని బట్టి ఇల్లు చూడాలి. ఆమె కేంద్ర ఉద్యోగి అయితే, భర్త క్వార్టరులో ఉన్నంతకాలం రాని హెచ్ఆర్ఏను ఖాళీ చేసిన నెల నుంచే అడగాలి.

దిగాక మళ్లీ పని

కాంట్రాక్టు మీద సేఫ్టీ, మెయింటెనెన్స్ పనులకు అనుభవం ఉన్నవాళ్లను ఫార్మా, పోర్టు వైపు కంపెనీలు తీసుకుంటాయి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు ల్యాబులకు తీసుకుంటాయి. దీన్ని నమ్ముకుని ముందే దిగడం వేరు, దిగాక దొరికితే చేయడం వేరు. కాంట్రాక్టుకు సాధారణంగా ఏడాదే గడువు. చాలాచోట్ల మెడికల్ ఉండదు. కేంద్ర ప్రభుత్వమే మళ్లీ కన్సల్టెంటుగా తీసుకుంటే మామూలుగా చివరి బేసిక్‌లోంచి పెన్షన్ తీసేసి మిగిలినదే ఇస్తుంది. గ్రూప్ ఎ అధికారులు దిగిన ఏడాదిలోపు ప్రైవేటు ఉద్యోగంలో చేరాలంటే ముందుగా అనుమతి కావాలి.

కాగితాలు: రెండేళ్ల ముందు నుంచి

మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంటిపేరు. సర్వీస్ రిజిస్టర్‌లో ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో పేరు ముందు ఇంటిపేరు వెనక. భార్యకు పుట్టింటి ఇంటిపేరుతో పదో తరగతి సర్టిఫికెట్, అత్తింటి ఇంటిపేరుతో బ్యాంకు ఖాతా. పీఎఫ్ క్లెయిమూ, కుటుంబ పెన్షనూ ఇక్కడే ఆగుతాయి. ఇద్దరి పేర్లూ, పుట్టిన తేదీలూ సర్వీస్ రిజిస్టర్, ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్‌లలో ఒకేలా ఉన్నాయో లేదో ఒక కాగితం మీద అయిదు గడులు గీసి సరిచూడండి. ఉద్యోగంలో ఉండగా సవరణకు పట్టే సమయం నెలలు, దిగాక అంతకు రెట్టింపు.

తర్వాత సర్వీస్ వెరిఫికేషన్. పాత బదిలీల దగ్గర సంతకం లేని పేజీలు, లెక్కకెక్కని సెలవులు ఉంటే ఆ ఆఫీసులకు వెళ్లి రాయించుకోవాలి. నామినేషన్లు చూడండి. పెళ్లికి ముందు తల్లిపేరు రాసి అలాగే వదిలేసినవాళ్లున్నారు. పెన్షన్ ఖాతా భార్యాభర్తల జాయింటుగా తెరిస్తే తర్వాత కుటుంబ పెన్షన్‌కు కొత్త ఖాతా తెరవనక్కర్లేదు. ప్రైవేటు ఉద్యోగులు పీఎఫ్ పోర్టల్‌లో పాత కంపెనీల ఖాతాలన్నీ కలిపారో, ప్రతిదానిలో బయటికొచ్చిన తేదీ పడిందో చూసుకోవాలి. ఉద్యోగం మానేశాక పీఎఫ్‌లో వచ్చే వడ్డీకి పన్ను ఉంటుంది. డబ్బు అక్కడే వదిలేసేవాళ్లు రిటర్న్‌లో చూపించాలి.

ఇవన్నీ అయ్యాక నోటీసు. వాలంటరీ రిటైర్‌మెంట్ నోటీసు ఇచ్చాక మనసు మారితే, అనుకున్న తేదీకి ముందే వెనక్కి తీసుకుంటామని రాతపూర్వకంగా అడగాలి. దానికి నియామక అధికారి ఒప్పుకోవాలి. కంపెనీ వీఆర్ఎస్ స్కీముల్లో అయితే దరఖాస్తు విండో మూసేశాక వెనక్కి తీసుకోనివ్వని షరతు తరచూ ఉంటుంది. అందుకని ఆన్‌లైన్‌లో సబ్‌మిట్ నొక్కే ముందు ఆ ఒక్క పేరా ఇద్దరూ కూర్చుని చదవండి. స్క్రీన్‌షాట్ తీసి, రసీదు నంబరుతో పాటు భార్య ఫోనులో, భర్త ఫోనులో కూడా ఉంచండి.